జాబితాలో లేని పేరు

2024 సెప్టెంబరు 5వ తేదీ, గురువారం. ఉపాధ్యాయ దినోత్సవం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ రోజు నాకు దండలతో, ఉపన్యాసాలతో గడిచేది. ఆ ఏడాది మాత్రం అనంతపురం ఆర్‌డీటీ క్రీడామైదానంలో ఒక పాత శిష్యుని పక్కన, ఒడిలో నోటుపుస్తకం పెట్టుకొని కూర్చున్నాను. శిష్యుడు ఆటో నడుపుతాడు. ఆనాడు బాడుగలు మానుకొని నన్ను ఆటకు తీసుకువచ్చాడు. ఎదుట దులీప్ ట్రోఫీ పోటీ జరుగుతున్నది. ఇండియా సి, ఇండియా డి జట్లు తలపడుతున్నాయి.

మా సీమకు ఇది సామాన్యమైన విషయం కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే పీఠభూమి ఇది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, ఈశాన్య మేఘం తూర్పు తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. 1969లో ఇక్కడికి వచ్చి స్థిరపడిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ వారిది ఆ మైదానం. పత్రికలలో కరువు వార్తగా మాత్రమే కనిపించే ఊరి పేరు, ఆ నెలలో క్రీడల పుటకెక్కింది. దులీప్ ట్రోఫీ 1961–62లో మొదలైనది. మండలాల వారీగా ఆడించే పద్ధతిని ఆ ఏడు పక్కన పెట్టి, సెలెక్టర్లు ఎ, బి, సి, డి అని నాలుగు జట్లు కూర్చారు. రాబోయే టెస్టులకు ఎవరు పనికివస్తారో చూచుకోవడానికే ఆ ఏర్పాటు అని అందరికీ తెలుసు.

అందుకే నోటుపుస్తకం. నవంబరులో ఆస్ట్రేలియాలో మొదలు కానున్న సిరీస్ తొలి టెస్టుకు భారతదేశం తరఫున దిగే పదకొండుమంది ఎవరో ముందుగా రాసి పెట్టాలని మా ఇద్దరి పందెం. ఓడినవారు ఓళిగలు తినిపించాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత అప్పుడే గుర్తుకు రావలసింది. రాలేదు. ముత్యాలవంటి అక్షరాలతో రాశాను: రోహిత్ శర్మ, జైస్వాల్, శుభ్‌మన్ గిల్, కోహ్లీ, రికీ భుయ్, పంత్, జడేజా, అశ్విన్, షమీ, సిరాజ్, బుమ్రా.

రికీ భుయ్ మన ఆంధ్ర జట్టువాడు. 2023–24 రంజీలో 902 పరుగులతో దేశంలోనే అగ్రస్థానంలో నిలిచినవాడు. ఆ రోజు మా ఎదుటనే ఇండియా డి తరఫున ఆడుతున్నాడు. శిష్యుడు నా పుస్తకంలోకి తొంగిచూచి, "నితీశ్ పేరు రాయకపోతిరే సార్!" అన్నాడు. విశాఖపట్టణం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఆ ఏడాది ఐపీఎల్‌లో హైదరాబాదు జట్టుకు ఆడి పేరు తెచ్చుకున్నాడు. "ఇరవై ఓవర్ల ఆట వేరు నాయనా, టెస్టు వేరు" అని తరగతి గదిలో చెప్పినట్లే చెప్పి పుస్తకం మూశాను. అతడు మారుమాటాడలేదు. ముప్ఫయ్యేళ్ల కిందటి భయం ఇంకా కొంత మిగిలి ఉన్నట్లుంది.

నవంబరు 22న పెర్త్ నగరంలో టెస్టు మొదలైనది. దిగినవారు: జైస్వాల్, రాహుల్, పడిక్కల్, కోహ్లీ, పంత్, జురెల్, వాషింగ్టన్ సుందర్, నితీశ్ కుమార్ రెడ్డి, హర్షిత్ రాణా, బుమ్రా, సిరాజ్. నా పదకొండులో సరిపోయినవారు అయిదుగురే. రోహిత్‌కు బిడ్డ పుట్టిన సమయం, అతడు లేడు. గిల్ బొటనవ్రేలికి గాయం. షమీ జట్టుతో వెళ్లనే లేదు. అశ్విన్, జడేజాలు ఇద్దరినీ కూర్చోబెట్టారు. భారతదేశం 295 పరుగుల తేడాతో గెలిచింది.

తప్పు లెక్కకు నేను బాధపడలేదు. నన్ను కలచివేసినది మరొకటి. దేవదత్ పడిక్కల్, హర్షిత్ రాణా ఇద్దరూ సెప్టెంబరులో అనంతపురంలో నా కళ్లముందు ఆడినవారే. రికీ భుయ్ ఆడిన ఇండియా డి జట్టులోనే ఉన్నారు. హర్షిత్ తొలి ఇన్నింగ్స్‌లోనే నాలుగు వికెట్లు తీశాడు. నేను చూచాను, చప్పట్లు కొట్టాను. కాని జాబితా రాసిన తరువాత కళ్లు ఆటను చూడలేదు, జాబితానే చూచాయి. భుయ్ బంతిని ఎదుర్కొన్నప్పుడల్లా నా గెలుపు కోసం చూచాను. హర్షిత్ బంతి వేసినప్పుడు అది నాకు సంబంధించని పని అనుకున్నాను.

ఋతువుకు ముందు రాసే జాబితా మరి దేనిని తెలుపుతుంది? ఆటగాళ్లనా, రాసినవాని అలవాట్లనా? ఈ ప్రశ్నతో కొంతకాలంగా మన ఆటల చరిత్రను తిరగవేస్తున్నాను. తెలుగువారికి సంబంధించిన మూడు సందర్భాలు ఇక్కడ మనవి చేస్తాను.

మొదటిది 1932. భారతదేశం తొలి టెస్టు ఆడడానికి ఇంగ్లండుకు వెళ్లిన సంవత్సరం. బయలుదేరకముందే నాయకుల జాబితా సిద్ధమైనది. నాయకత్వానికి ముందు అనుకున్న పటియాలా మహారాజు తప్పుకోగా, ఆ స్థానం పోర్‌బందరు మహారాజుకు దక్కింది. ఉపనాయకుడు లింబ్డీ రాజవంశానికి చెందిన ఘనశ్యామసింహజీ. ఉప ఉపనాయకుడనే విచిత్రమైన పదవికి మన విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజును అనుకున్నారు గాని, ఆయన ప్రయాణం మానుకున్నారు. ఈ పేర్లన్నిటిలో ఉమ్మడి గుణం కిరీటమే, క్రికెట్ కాదు. ఆటకు ధనం పోసేది సంస్థానాలు కాబట్టి జట్టును నడిపేది సంస్థానాధీశుడే కావాలన్నది ఆనాటి అలవాటు.

ఆ పడవలోనే కొఠారి కనకయ్య నాయుడు ఉన్నారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టినవారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరఫున 153 పరుగులు చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టినవారు. ఆ ఆట చూచినవారికి ఆయన ఎవరో తెలుసు. అయినా నాయకుల జాబితాలో ఆయన పేరు లేదు.

ఇంగ్లండులో ఋతువు తన పని తాను చేసింది. పోర్‌బందరు మహారాజు తన ఆట పరిమితి ఎరిగి పక్కకు తప్పుకున్నారు. అధికారం ఉండి, తన పేరును తానే కొట్టివేసుకోగలిగిన ఆ పెద్దరికాన్ని మెచ్చుకోవాలి. లింబ్డీ రాజకుమారునికి టెస్టుకు ముందు గాయమైనది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు నాయకుడుగా నడిచివచ్చినవారు సి.కె. నాయుడు. ఆ ఉదయం ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్నది. చివరకు మనవారు 158 పరుగుల తేడాతో ఓడినారు గాని, తొలి ఇన్నింగ్స్‌లో అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసినది చేతికి గాయమైన ఆ నాయకుడే. 1933లో విజ్డెన్ గ్రంథం ఆయనను ఏడాది మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

జాబితా పాఠం నేర్చుకున్నదా అంటే, లేదు. 1936 ఇంగ్లండు పర్యటనకు నాయకత్వం మళ్లీ రాచరికానికే పోయింది. ఈసారి విజయనగరం రాజకుమారుడే నాయకుడు. ఎవరూ తప్పుకోలేదు, జాబితా జాబితాగానే అమలైనది. తొలి టెస్టు కూడా మొదలు కాకముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేశారు. నాయకుడు మూడు టెస్టులలో చేసినవి 33 పరుగులు. రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా చేసుకొని జట్టు తిరిగివచ్చింది. ఇద్దరూ తెలుగువారే, ఒకరిని ఋతువు ఎన్నుకున్నది, మరొకరిని జాబితా ఎన్నుకున్నది. ఆ నాయుడుగారే 1953–54లో, ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఏడాదే, అరవయ్యేళ్లకు చేరువైన వయసులో ఆంధ్ర జట్టుకు తొలి రంజీ నాయకుడయ్యారు. అది ఏ జాబితాకర్త ఊహించగలడు?

రెండవ సందర్భం ఫుట్‌బాలుది. ఇందులో కథానాయకుడు నావంటి బడిపంతులు కావడం వలన నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటాను. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడులలో పాఠాలు చెప్పారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. భారత జట్టుకు 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన జట్టుతో వెళ్లారు. అప్పటికే కాన్సరు వ్యాధి ఆయనను లోలోపల తినివేస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. థాయిలాండుపై 4–1తో గెలిచారు గాని, ఆ ఆటలో వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కాగితం మీద వేసుకున్న పదకొండు అక్కడితో చినిగిపోయింది. తరువాతి ఆటలో జర్నైల్ లేకుండానే జపానుపై 2–0తో నెగ్గారు.

సెమీ ఫైనల్‌కు రహీం చేసిన పని ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. తలకు కట్టుతో ఉన్నవాడు వెనుకవరుసలో ఎదురుదాడులను పదేపదే ఆపలేడని గ్రహించి, జర్నైల్‌ను ఏకంగా సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి పంపారు. జీవితమంతా గోళ్లను ఆపినవాడిని గోలు కొట్టమన్నారన్నమాట. దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచినప్పుడు జర్నైల్ ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ దక్షిణ కొరియాయే. సెమీ ఫైనల్‌లో గోలు కాసిన ప్రద్యుత్ బర్మన్ స్థానంలో, జ్వరం నుండి తేరుకున్న పొడగరి, హైదరాబాదీ పీటర్ తంగరాజ్‌ను రహీం నిలబెట్టారు. గెలిచిన జట్టును కదిలించరాదన్న నియమాన్ని కూడా ఆయన పాటించలేదు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్లు చేశారు. 2–1తో స్వర్ణం మనదైంది. సికిందరాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ పదకొండులో ఉన్నారు. రహీం మరుసటి ఏడు జూన్ 11న కన్నుమూశారు.

రహీం గొప్పతనం జర్నైల్ గోలు కొడతాడని ముందే ఊహించడంలో ఉన్నదని నేను అనుకోను. అది ఎవరూ ఊహించలేరు. తాను వేసిన జాబితాను తానే తుడిచివేయడానికి సంకోచించకపోవడంలో ఉన్నది. పలక మీద రాసిన తప్పును పిల్లల ఎదుట తుడిచే పంతులు ఎంత అరుదో ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుస్తుంది.

మూడవ సందర్భం మన కాలానిదే. ఇందులో పందెంవేసుకున్నవారి వేడుక లేదు, ఒక మనిషి గాయం ఉన్నది. 2019 ప్రపంచకప్పు జట్టులో నాలుగవ స్థానంలో ఎవరు బ్యాటు పట్టాలన్నది ఏడాదిపాటు దేశమంతా చర్చించిన ప్రశ్న. 2018 అక్టోబరులో నాయకుడు కోహ్లీ మాటలను బట్టి ఆ స్థానం అంబటి రాయుడిదే అని అందరూ నమ్మారు. రాయుడు గుంటూరులో పుట్టినవాడు. 55 వన్డేలలో సగటు 47 పైచిలుకు. సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్ కూడా గుంటూరువారే. 2019 ఏప్రిల్ 15న జట్టును ప్రకటించినప్పుడు రాయుడి పేరు లేదు, విజయ్ శంకర్ పేరు ఉన్నది. బ్యాటు, బంతి, ఫీల్డింగ్ అనే మూడు విధాల పనికివస్తాడన్నది ప్రసాద్ చెప్పిన కారణం. ప్రపంచకప్పును మూడు కోణాల కళ్లద్దాలతో చూస్తానని రాయుడు మరునాడు చమత్కరించాడు. ఆ చమత్కారంలోని చేదు అందరికీ తెలిసింది.

ఆట మొదలైన తరువాత విజయ్ శంకర్‌కు గాయమైనది. ప్రత్యామ్నాయుల జాబితాలో ఉన్న రాయుడిని కాక మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు ఆటకు స్వస్తి పలికాడు. ఆగస్టులో ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నా, మళ్లీ భారత జట్టు తరఫున ఆడలేదు. సెమీ ఫైనల్‌లో న్యూజీలాండ్ చేతిలో మనం 18 పరుగులతో ఓడినప్పుడు నాలుగవ స్థానంలో దిగినది, మొదట ప్రకటించిన పదిహేనుమందిలో లేని రిషభ్ పంత్. రాయుడు ఉంటే గెలిచేవారమా అన్నది ఎవరూ తేల్చలేని వాదం. నేను చెప్పదలచినది వేరు. ముందు అతడు ఉంటాడని పదిమందీ రాసుకున్న జాబితా ఒక తప్పు చేసింది, ఆ తరువాత అతడు వద్దన్న జాబితా తనను తాను సవరించుకోక మరొకటి చేసింది. రెంటి నడుమ నలిగినది ముప్ఫైమూడేళ్ల ఆటగాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. పదవ తరగతికి పాఠం చెప్పే రోజులలో ఏటా అర్ధసంవత్సర పరీక్షలకు ముందే ఉత్తీర్ణులయ్యేవారు, కారు అనుకున్నవారు, అనుమానాస్పదులు అని మూడు గడులు గీసి పేర్లు నింపేవాడిని. ఎవరి మీద ఎక్కువ శ్రమ పెట్టాలో తెలుసుకోవడానికే అని సమర్థించుకునేవాడిని. ఒక ఏడు ఆ కాగితం బల్ల మీద మరచి వెళ్లాను. కారు అనుకున్న గడిలో తన పేరు చూచుకున్న పిల్లవాడు ఒకడు, ఛందస్సు రాదు గాని పద్యాన్ని రాగయుక్తంగా చదివేవాడు, ఆ తరువాత బడికి రాలేదు. బెంగళూరుకు కట్టడం పనికి వెళ్లాడని విన్నాను. ఆ ఏడాది నా జాబితా నూటికి నూరుపాళ్లు నిజమైనది. అంతకంటె అవమానకరమైన విజయం నా ఉద్యోగ జీవితంలో లేదు.

మరి జాబితా రాయడమే మానుకోవాలా? కూడదనే నా అభిప్రాయం. దీనికి సమాధానం మా పీఠభూమి రైతు దగ్గర ఉన్నది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఎన్ని కుంచాల వాన అన్నది అతడూ వింటాడు. నమ్ముతాడో లేదో గాని, వేరుశనగ విత్తనం మాత్రం సిద్ధం చేసుకుంటాడు. జూన్, జూలైలలో పదును అయితే వేస్తాడు. జూలై గడిచినా చినుకు రాకపోతే తన జాబితాను పట్టుకొని ఏడుస్తూ కూర్చోడు. అటక మీది ఉలవల మూట దించుతాడు. ఆగస్టులో, సెప్టెంబరులో పడిన కొద్దిపాటి తడికి ఉలవ మొలుస్తుంది. గింజ చేతికి రాకపోయినా పశువులకు మేత మిగులుతుంది. ఉగాది నాడు ఉలవల పేరు ఎవరూ తలవరు. అయినా ఆ మూట ఏనాడూ ఖాళీ కాదు.

సెప్టెంబరు 2024లో సెలెక్టర్ల దగ్గర ఆ మూట ఉన్నదా? బంగ్లాదేశ్‌తో తొలి టెస్టుకు పదహారుమంది పేర్లను 8వ తేదీననే ప్రకటించారు. అనంతపురంలో ఇంకా రెండు విడతల ఆట మిగిలి ఉన్నది. ఆ రెండు విడతలలోనే రికీ భుయ్ ఒక్కొక్క శతకం కొట్టాడు. మైదానంలో మేము చప్పట్లు కొట్టాము. పిలుపు మాత్రం రాలేదు. మరోవంక, ఆ పోటీలలో పెద్ద స్కోరు ఏదీ చేయని నితీశ్‌ను అదే సెలెక్టర్లు ఆస్ట్రేలియాకు తీసుకువెళ్లారు. వేగంగా బంతి వేయగల బ్యాటరు అక్కడ అవసరమని వారు చూచారు, నేను చూడలేదు. ఒకే ఋతువులో ఒకరి విషయంలో తొందరపడ్డారు, మరొకరి విషయంలో దూరదృష్టి చూపారు. అందుకే వారిని నిందించడానికి గాని, పొగడడానికి గాని నా కలం సాగడం లేదు.

డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో మనవారు ఇరకాటంలో పడినప్పుడు ఎనిమిదవ స్థానంలో దిగిన నితీశ్, వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. తొంభైతొమ్మిది వద్ద తొమ్మిదవ వికెట్ పడింది. ఆఖరువాడుగా వచ్చిన హైదరాబాదు సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతులను ఎలాగో కాచుకున్నాడు. తరువాతి ఓవరులో నితీశ్ ఫోరు కొట్టి నూరు దాటాడు. గ్యాలరీలో తండ్రి కన్నీరు తుడుచుకోవడం దేశమంతా చూచింది. ఆ టెస్టు మనం ఓడిపోయాము. అయినా ఆ మూడు బంతులు నాకు మరపురావు.

ఆ మధ్యాహ్నమే శిష్యుడు ఫోన్ చేశాడు. నన్ను ఎత్తిపొడుస్తాడని సిద్ధపడ్డాను. "చూస్తాండారా సార్?" అని మాత్రం అడిగాడు. సాయంత్రం ఓళిగలు కట్టించుకొని వాళ్లింటికి వెళ్లాను. నోటుపుస్తకం అడిగి తీసుకొని, నా పదకొండు పేర్ల కింద మిగిలిన ఖాళీలో తన చేత్తో నితీశ్ పేరు రాశాడు. దస్తూరీ ముప్ఫయ్యేళ్ల కిందట ఎలా ఉండేదో అలాగే ఉన్నది. దిద్దలేదు.